పురుగుల మందు, పాము విషం, కండబలం



మన పల్లెల్లో మందు అన్న మాట ఒక్కటే గాని, దాని అర్థాలు చాలా ఉన్నాయి. పత్తి మీద పురుగు పడితే మందు కొట్టినామంటాము. వరి నాటుకు ముందు చల్లే ఎరువును అడుగుమందు అంటాము. జ్వరానికి మింగే గోలీ కూడా మందే. సాయంత్రం పూట కొందరు తాగివచ్చేది కూడా మందే, దాని సంగతి ఈవేళ వద్దు. ఈవేళ చెప్పదలచినది చేలో కొట్టే మందును గురించి, దవాఖానాలో ఇచ్చే మందును గురించి. ఈ రెండూ మన ఒంట్లో ఒకే చోట పనిచేస్తాయి. నరం వచ్చి కండను తాకే చోటు అది. అక్కడ ఏమి జరుగుతుందో తెలిసిన ఇంట్లో ఒక ప్రాణం నిలిచే సందర్భం రావచ్చు గనుక కొంచెం ఓపికతో చదవండి.

నల్గొండ, మహబూబ్‌నగర్ సీమలో ఇది పరాయి విషయం కాదు. ఒకప్పుడు ఆముదాలు, జొన్న, కంది పండిన ఎర్ర చెలకల్లో ఇప్పుడు పత్తి నిలబడి ఉన్నది. గద్వాల దిక్కు విత్తన పత్తి ఉన్నది. నల్గొండ దిక్కు బత్తాయి తోటలు ఉన్నాయి. 2002లో బీటీ విత్తనం వచ్చిన తరువాత కాయతొలుచు పురుగుకు కొట్టే మందు తగ్గిన మాట నిజమే. కాని పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగు పోలేదు, గులాబీరంగు పురుగు మళ్ళీ తల ఎత్తింది. పంపు వీపు మీద నుంచి దిగలేదు.

చెరువు కింద సేద్యం ఎరిగినవారికి నరం సంగతి తేలికగా బోధపడుతుంది. చెయ్యి ఎత్తాలని మీరు అనుకుంటారు. ఆ ఆజ్ఞ మెదడు నుంచి వెన్నులోకి, వెన్ను నుంచి నరం వెంట పరుగెత్తి కండ దగ్గరికి వస్తుంది. అయితే నరమూ కండా అతుక్కుని ఉండవు. నడుమ కంటికి కనపడనంత సందు ఉన్నది. నరం చివర తూము ఉన్నదనుకోండి. ఆజ్ఞ రాగానే తూము తెరుచుకుని ఒక రసం ఆ సందులోకి జారుతుంది. దాని పేరు అసిటైల్‌కోలిన్. ఆ నీరు అందగానే కండ ముడుచుకుంటుంది, చెయ్యి లేస్తుంది. పని కాగానే ఆ నీటిని అక్కడి నుంచి తీసివేయవలె. లేకపోతే మడి మునిగిపోతుంది. దానికి ఒంట్లో ఒక నీరటి ఉన్నాడు. వైద్యులు ఆ నీరటిని కోలినెస్టరేస్ అంటారు. వాడి పనితనం చెప్పతరం కాదు. రసపు అణువులను సెకనుకు వేల సంఖ్యలో విరగ్గొట్టి పారేస్తాడు. అందువల్లనే మనం వెంటవెంటనే చెయ్యి ఎత్తి దించగలుగుతున్నాము, కొడవలి ఆడించగలుగుతున్నాము.

నరం ఇట్లా రసం ద్వారా ఆజ్ఞ అందిస్తుందని పూర్వం తెలియదు. అంతా విద్యుత్తువంటిదే అనుకునేవారు. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు కప్ప గుండెలు రెండు తీసుకుని, ఒక గుండె నరాన్ని రెచ్చగొట్టి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ గుండెకు పోశాడు. దాని నరాన్ని ఎవరూ ముట్టకపోయినా ఆ రెండవ గుండె కూడా నెమ్మదించింది. ద్రవంలో ఏదో ఉన్నదన్నమాట! హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు 1936లో నోబెల్ బహుమానం ఇచ్చారు. విచిత్రమేమంటే, ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనవేత్త పురుగులను చంపే మందు కోసం వెతుకుతూ, ఈ నీరటి చేతులు కట్టివేసే పదార్థాలను కనిపెట్టాడు. పురుగుకు కూడా ఇటువంటి నీరటే ఉన్నాడు మరి. వాటిలో కొన్ని యుద్ధపు విషవాయువులైనాయి. కొన్ని చేలలోకి వచ్చాయి.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్ అన్నీ ఆ వంశంవే. ఆర్గానోఫాస్ఫరస్ మందులని పేరు. కార్బోఫ్యూరాన్ గుళికల వంటి కార్బమేట్లు వీటికి దాయాదులు. అవి కూడా నీరటి చేతులు కట్టేవే గాని, కట్టు కొన్ని గంటల్లో దానంతట అదే వదులవుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ కట్టు అట్లా వదలదు. ఆలస్యమైనకొద్దీ బిగిసిపోతుంది. పురుగును చంపేదీ ఇదే పని, మనిషిని పడవేసేదీ ఇదే పని.

మందు ఒంట్లోకి పోవడానికి తాగనక్కరలేదు. చర్మం గుండా పోతుంది. మధ్యాహ్నపు ఎండలో చెమట పట్టిన ఒంటికి మరీ త్వరగా ఎక్కుతుంది. పంపు మూత కారి వీపు మీద అంగీ తడుస్తుంది. “ఇంత తడిసిందానికి ఏమైతది, ఇంకో రెండు పంపులైతే అయిపాయె” అని అట్లనే కొడతాము. ఆ తడిసిన అంగీ తొడుక్కుని గంటసేపు నిలబడడం మందులో గంటసేపు నానడం వంటిదే.

నీరటి చేతులు కట్టుబడితే ఏమవుతుంది? కాలువ కింద రెండు ఆయకట్లు ఉన్నాయనుకోండి. ఒకటి గ్రంథులు, గుండె, ఊపిరి గొట్టాలు, పేగులు ఉన్న ఆయకట్టు. రెండవది కండలు. మొదటిది ముందు మునుగుతుంది. నోట నీరూరుతుంది, కంట నీరు కారుతుంది, చెమట కారిపోతుంది, కడుపులో మెలిపెట్టి వాంతి, విరేచనం అవుతాయి. కంటిపాప ఆవగింజంత అవుతుంది, చూపు మసకబారుతుంది. ఛాతీలో నురగ చేరి ఊపిరి గరగరమంటుంది, నాడి మందగిస్తుంది. దీన్ని మన వాళ్ళు “మందు ఎక్కింది” అంటారు. మాట సరిగానే ఉన్నది.

రెండవ ఆయకట్టు మునిగినప్పుడు కండలు వాటంతటవే అదురుతాయి. కనురెప్ప, భుజం, తొడ, పిక్క చర్మం కింద పురుగు పాకినట్టు కొట్టుకుంటాయి. కుడికన్ను అదిరితే మగవాడికి శుభమని పెద్దలంటారు. మందు కొట్టి వచ్చిన నాడు అదిరితే మాత్రం శుభమనుకొని పండుకోవద్దు. అదిరి అదిరి చివరకు కండ చేతులెత్తివేస్తుంది. నీరు ఎక్కువై మడిలో పైరు కుళ్ళినట్టే, ఆజ్ఞలు ఎక్కువై కండ వినడం మానుకుంటుంది. బలం పోవడమంటే కండ కరిగిపోవడం కాదు. కండ అట్లనే ఉన్నది, ఆజ్ఞ అందడం లేదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ముందు పని పడుతుంది.

ఒకసారి పెద్దగా తగలకపోయినా, కొంచెం కొంచెంగా తగిలినది లెక్కలో చేరుతుంది. రక్తంలోని ఎర్రకణాలలో కూడా ఈ నీరటి ఉంటాడు. ఆర్గానోఫాస్ఫరస్ చేత అక్కడ చెడిపోయినది తిరిగి పూడడానికి రోజుకు దాదాపు ఒక శాతం లెక్కన సమయం పడుతుంది. వేసవిలో ఊట తక్కువైన బావి వంటిది అది. ఇవాళ మోటరు వేసి తోడినాము, వారానికి ఊరింది కొంతే, మళ్ళీ తోడినాము. వరుసగా కూలికి మందు కొట్టేవారికి మొదటి నాడు ఏమీ కాలేదని, ఆరవ నాడు కూడా ఏమీ కాదని నమ్మడానికి లేదు. అదే మందు, అదే పంపు, అదే మనిషి, కాని బావిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. రక్తపరీక్షతో ఈ మట్టం తెలుస్తుంది.

ఇక తగిలినప్పుడు చేయవలసినది. మనిషిని చేను నుంచి గాలి వచ్చే చోటికి తేవలె. బట్టలన్నీ విప్పి, సబ్బుతో, బాగా నీళ్ళతో కడగవలె. జుట్టు, చెవి వెనుక, గోళ్ళ సందు విడిచిపెట్టవద్దు. కడిగేవారు చేతికి తొడుగు గాని, లేకపోతే పాలిథీన్ సంచి గాని వేసుకోవలె, లేకపోతే ఒకరి వెంట ఒకరు పడతారు. వాంతి చేయించవద్దు. చింతపులుసు, పాలు, నూనె, ఉప్పునీరు పోయవద్దు. సోయ తప్పినవాడి నోట్లో పోసింది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమ పక్కకు తిప్పి పండబెట్టి 108కి ఫోను చేయండి. మందు డబ్బా వెంట తీసుకుపోండి. దాని మీది చీటీ డాక్టరుకు అన్నిటికన్నా పెద్ద సాయం. ఏలనంటే అన్ని మందులూ ఒక వంశంవి కావు. గడ్డిమందు పారాక్వాట్ దారే వేరు, అది ఊపిరితిత్తులను, మూత్రపిండాలను పట్టుకుంటుంది, దానికి విరుగుడు లేదు.

ఒకవేళ మనిషి చేతులారా తాగి ఉంటే ఆ మాట దాచవద్దు. ఎంత, ఎప్పుడు అన్నది తెలిస్తే వైద్యం మారుతుంది. నలుగురిలో పరువు పోతుందని “మందు కొడుతుంటే తగిలింది” అని చెప్పి సగం గంట పోగొట్టిన ఇళ్ళున్నాయి. ఆ మనిషితో మాట్లాడవలసినవి బతికిన తరువాత మాట్లాడవచ్చు. నిందలు అసలే వద్దు.

ఊళ్ళో ఆరెంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకుని తేరుకోవచ్చునని అనుకోవద్దు. దవాఖానాలో ఇచ్చే మొదటి సూది అట్రోపిన్. ఇది మొదటి ఆయకట్టు మడుల నోళ్ళు మూసివేస్తుంది. నీరు ఎంత వచ్చినా లోపలికి పోదు. ఊపిరితిత్తుల్లో నురగ ఆరుతుంది, నాడి లేస్తుంది. ఒక సూదితో అయ్యేది కాదు, ఛాతీ ఆరేదాకా కొన్ని నిమిషాలకొకసారి మోతాదు రెట్టింపు చేస్తూ ఇస్తారు. అట్రోపిన్ ఎక్కువైతే నోరు ఎండి, ఒళ్ళు కాలి, మనిషి మంచం మీద లేచి కూర్చుని లేనివాళ్ళతో మాట్లాడతాడు, గాలిలో ఏదో ఏరుతుంటాడు. అది చూసి దయ్యం పట్టిందనో, మందు మెదడుకెక్కిందనో భయపడతారు. అది సూది గుణం, తగ్గించగానే పోతుంది, నర్సమ్మకు చెప్పండి చాలు. మన ఉమ్మెత్తలో ఉన్నది కూడా ఈ జాతి పదార్థమే. అట్లాగని ఉమ్మెత్త నూరి పోయవద్దు. ఏ కాయలో ఎంత ఉన్నదో కొలత లేదు, రెండు విషాలు కలుస్తాయి.

అట్రోపిన్ రెండవ ఆయకట్టును ముట్టదు. కండల బలహీనత దానితో తగ్గదు. నీరటి చేతుల కట్టు విప్పడానికి ప్రాలిడాక్సిమ్ అనే మరొక మందు ఉన్నది. కట్టు బిగిసిపోకముందు పడితేనే దాని ప్రయోజనం. అందరిలో ఒకే తీరుగా పనిచేయదు. ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది డాక్టరు చూసుకుంటాడు. మన పని త్వరగా చేర్చడం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. రెండవ రోజో, మూడవ రోజో అవుతుంది. నోట నీరు ఆగింది. కంటిపాప విప్పారింది. మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడు, చేయి పట్టుకుంటే గట్టిగానే పట్టుకుంటున్నాడు. ఇంటి దగ్గర పత్తి ఏరవలసి ఉన్నది, బర్రెకు గడ్డి వేసే దిక్కు లేదు, ఖర్చు పెరుగుతున్నది. “బాగనే ఉన్నడు గద, తోలుకపోతం” అని సంతకం పెట్టి తీసుకుపోతారు. ఆ రాత్రే ఇంట్లో ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ దశను 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెడ్డె అనే ఇద్దరు విడమరిచి చెప్పారు. మందు పడిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మొదటి లక్షణాలు తగ్గిన తరువాత, కండల బలహీనత కొత్తగా వస్తుంది. మెడ, భుజాలు, తుంట్లు, కనురెప్పలు, చివరకు ఊపిరి తీసే కండలు పడిపోతాయి. అరచేతి పట్టు చాలావరకు నిలుస్తుంది. అందుకే చేయి పట్టి చూసినవాడు మోసపోతాడు.

అందుచేత మంచం పక్కన కూర్చున్న మీరు చేయి పట్టి చూడవద్దు. వెల్లకిలా పండబెట్టి, దిండు తీసి, “ఏదీ, నెత్తి లేపు” అని అడగండి. గడ్డం ఛాతీ వైపు వచ్చేటట్టు తల ఎత్తి కొంతసేపు నిలపగలిగితే మంచిదే. “నెత్తి లేస్తలేదే” అన్నాడా, వెంటనే డాక్టరును పిలవండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పండుకోబోయేముందు ఒకసారి అడగండి. తల లేవకపోవడమే ఊపిరి బలహీనతకు ముందు వచ్చే కబురు. మాట ముక్కుతో వస్తున్నా, గుటక పడకపోయినా, ఒక వాక్యం నడుమ ఊపిరి తీసుకోవలసి వచ్చినా అదే కబురు.

అప్పుడు ఊపిరి యంత్రం పెడతామంటారు. ఇక్కడే మన వాళ్ళ గుండె జారిపోతుంది. “మిషిను మీద పెట్టిండ్రంటే ఇగ అయిపోయినట్టే” అన్న మాట ఊరూరా పాతుకుని ఉన్నది. ముసలితనంలోనో, తీరని జబ్బులోనో ఆ మాట కొంత నిజం కావచ్చు. ఇక్కడ కాదు. ఈ మనిషి ఊపిరితిత్తులు చెడలేదు, ఊపిరి కండలు కరిగిపోలేదు. ఆజ్ఞ అందడం లేదు, అంతే. ఒకటి నుంచి మూడు వారాల్లో ఆ దారి సాధారణంగా మళ్ళీ తెరుచుకుంటుంది. అంతదాకా ఆ మనిషి చేయవలసిన పనిని యంత్రం చేసిపెడుతుంది, వానాకాలం వాగు మీద వేసిన తాత్కాలిక వంతెన మాదిరిగా. యంత్రం మీద ఉన్నవారందరూ బతుకుతారని చెప్పలేను. న్యుమోనియా వస్తుంది, ఇతర చిక్కులు వస్తాయి. కాని వంతెన నడుమ నుంచి మనిషిని వెనక్కి లాక్కురావడం తెలిసి చేయవలసిన పని కాదు. ఇప్పుడు మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల దవాఖానాలు ఉన్నాయి. హైదరాబాదు దాకా పోయే లోపల ఊపిరి నిలబెట్టే చోటు దగ్గరలో ఏదో ముందే విచారించి పెట్టుకోవడం మంచిది.

ఈ తల ఎత్తించే పరీక్ష పాముకాటులో కూడా పనికివస్తుంది. నాగుపాము, కట్లపాము విషాలు చేరేది కూడా నరమూ కండా కలిసే ఆ సందులోకే. నాగుపాము విషం మడి నోళ్ళను పూడ్చివేస్తుంది. కట్లపాము విషం తూమునే లోపలి నుంచి పాడుచేస్తుంది. కట్లపాము నేల మీద పండుకున్నవారిని రాత్రిపూట కరుస్తుంది. కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతాయి. నిద్ర చాలలేదనుకుంటారు. రెప్ప ఎత్తలేకపోవడం వేరు, నిద్రమత్తు వేరు. పైకి చూడమనండి, తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే మంత్రగాడి దగ్గరికి కాదు, విరుగుడు సూది ఉన్న దవాఖానాకు తీసుకుపోవలె. మన దేశంలో దొరికే ఆ సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసినది.

నాగుపాము కాటుకు సూదితో పాటు నియోస్టిగ్మిన్ అనే మందు కూడా ఇస్తారు. అది చేసే పని ఏమిటంటారా? నీరటి చేతులు కాసేపు కట్టివేయడమే! మడి నోళ్ళు చాలావరకు పూడిపోయినప్పుడు, ఉన్న కొద్ది నీటిని నీరటి తీసివేయకుండా ఆపితే మిగిలిన నోళ్ళకైనా అందుతుంది. పురుగుల మందు చేసే పనినే వైద్యుడు కొలత పెట్టి చేయిస్తున్నాడు. కట్లపాము కాటులో దీనితో అంత లాభం ఉండదు, తూములో నుంచి నీరే రావడం లేదు గనుక.

ఈ కిటుకు మొదట దొరికినది మరొక జబ్బులో. మయస్థీనియా గ్రావిస్ అని ఒక నరాల జబ్బు ఉన్నది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి మడి నోళ్ళను పాడుచేస్తుంది. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి రెప్పలు వాలుతాయి, అన్నం నములుతుంటే దవడ అలసిపోతుంది, నెత్తి మీది గంప పట్టుకోవడానికి చేతులు నిలవవు. సోమరితనమని ఇంట్లో మాటలు పడతారు పాపం. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఈ జబ్బుకు ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూస్తే వాలిన రెప్ప లేచింది. ఆ ఫైసోస్టిగ్మిన్ ఆఫ్రికాలో నేరస్థుల నిజం తేల్చడానికి తినిపించే ఒక విషపు గింజలోది! ఆ తోవలోనే ఇప్పటి పైరిడోస్టిగ్మిన్ గోలీలు వచ్చాయి. ఆ గోలీలు మోతాదు మించితే బలం పెరగదు, పురుగుల మందు తగిలినట్టే నోట నీరూరి కండలు మళ్ళీ పడిపోతాయి. ఈ జబ్బు ఉన్నవారు మందు కొట్టే పనికి పోరాదు. జ్వరానికి సూది వేయించుకునేముందు తమ జబ్బు పేరు చెప్పి తీరవలె. జెంటామైసిన్ వంటి కొన్ని సూదులు ఆ సందులోని దారిని ఇంకా ఇరుకు చేస్తాయి.

మళ్ళీ చేను దగ్గరికి వద్దాము. మందు కొట్టేది మగవారు గనుక ముప్పు వారికేనని అందరి లెక్క. బింద నెత్తిన పెట్టుకుని నీళ్ళు తెచ్చి, డబ్బా మూత తీసి, చిక్కటి మందును నీళ్ళలో కలిపి, పంపు నింపి ఇచ్చేది ఎవరు? ఆడవారే. పంపులో ఉన్నది పలచని మందు, డబ్బాలో ఉన్నది చిక్కటి మందు. మన దేశంలో మూడు పల్లెల పత్తి రైతు కుటుంబాలను చూసి 2005లో అచ్చువేసిన అధ్యయనంలో, మందు కలిపి పంపు నింపే స్త్రీలకు ముప్పు మగవారితో సమానంగానే ఉన్నదని తేలింది. కాబట్టి చేతి తొడుగు ఒక్కటే ఉంటే అది ముందు మందు కలిపేవారికి ఇవ్వండి. కట్టెతో కలపండి, చేతితో కాదు. గాలికి ఎదురు కొట్టవద్దు, కొడుతూ బీడీ, తంబాకు వద్దు, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదవద్దు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉన్నదంటే అన్నిటికన్నా ప్రమాదమని, పసుపు దాని తరువాతదని, నీలం, ఆకుపచ్చ ఇంకా తక్కువ అని చదువురానివారు కూడా గుర్తుపట్టవచ్చు.

ఖాళీ డబ్బాను కడిగి ఇంట్లో నూనెకో, ఉప్పుకో వాడే అలవాటు ఇంకా పోలేదు. 1958లో కేరళలో పరాథియాన్ తగిలిన గోధుమపిండి తిని నూరుకు పైగా మంది చనిపోయారు. పిండి, మందు ఒకే ఓడలో వచ్చాయి. ఆ దుర్ఘటన తరువాతే 1968లో దేశానికి పురుగుమందుల చట్టం వచ్చింది. అయినా 2013లో బీహారులోని సారన్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నది. ప్రభుత్వం ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ వంటివాటిని 2020 ముగిసేనాటికి నిలిపివేసింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని 2023లో నిషేధించి, ఉన్న సరుకు అమ్ముకోవడానికి ఏడాది గడువు ఇచ్చింది. ఇంటి మూలలో పాత డబ్బా ఉన్నదేమో చూసుకోండి. అసలు ఈ మందులు లేకుండా సేద్యం సాగదా అంటే, ఖమ్మం సీమలోని పునుకుల ఊరు వేపకషాయాలు, లింగాకర్షక బుట్టలు పట్టుకుని, 2003లో మందు కొట్టని ఊరుగా ప్రకటించుకున్నది. అది వేరే ప్రసంగానికి తగిన విషయం.

చివరగా కాళ్ళ సంగతి. మనిషి ఇంటికి వచ్చాడు, పనికి కూడా పోతున్నాడు. రెండు మూడు వారాలకు పిక్కల్లో నొప్పి, అరికాళ్ళలో తిమ్మిరి మొదలై, పాదం వేలాడడం మొదలుపెడుతుంది. ఇది తూము దగ్గరి లోపం కాదు, కాలువే తెగుతున్నది. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైన నరాలు పాదాలకు పోయేవి, గనుక అవి ముందు దెబ్బతింటాయి. ఈ వంశంలో అన్ని మందులూ ఇట్లా చేయవు, కొన్ని చేస్తాయి. 1930లో అమెరికాలో ఇటువంటి పదార్థం కలిసిన అల్లపు సారా తాగి వేలమంది కాళ్ళు పడిపోయాయి. దీనికి సూది లేదు. వ్యాయామం, పాదాన్ని నిలిపే పట్టీ, నెలల తరబడి ఓపిక కావలె.

కాళ్ళు పనిచేయకపోతే మన సీమలో మొదట తోచేది ఫ్లోరైడ్. 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి ఇంగ్లండు వైద్య పత్రికలో రాశాడు. ఏండ్ల తరబడి ఆ బోరునీళ్ళు తాగినవారి వెన్నెముక గట్టిపడి, లోపలి దారి ఇరుకై, వెన్నుపామును నొక్కుతుంది. అక్కడ నొక్కుకుపోయింది గనుక కాళ్ళు బిగుసుకుపోతాయి, కొయ్యలాగా నిలుస్తాయి, మెడ తిరగదు, కొందరికి మూత్రం అదుపు తప్పుతుంది. కృష్ణా నీళ్ళు ఇంటికి వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు ఈ బాధ తప్పినా, పెద్దల ఎముకల్లో దిగినది అట్లనే ఉన్నది. ఇది ఏండ్ల మీద వచ్చేది, బిగుసుకుపోయే కాలు. మందు తగిలిన తరువాతది వారాల్లో వచ్చేది, మొదట్లో వేలాడే కాలు. రెండింటికీ ఒకటే తైలం రాయడం, ఒకటే గోలీ మింగడం వృథా. డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసేది ఈ తేడా కోసమే.

కాబట్టి మందు తగిలి ఇంటికి వచ్చిన మనిషిని మూడు నాలుగు వారాలపాటు నడుస్తుంటే వెనుక నుంచి చూడండి. చెప్పు కాలి నుంచి జారిపోయి, జారినది తెలియకుండా రెండడుగులు ముందుకు వేస్తున్నాడంటే, ఆ రోజే నరాల డాక్టరుకు చూపించండి. పాత డబ్బా మీది చీటీ పారవేయకుండా ఉంచి ఉంటే, అది కూడా వెంట తీసుకుపోండి.